పద్నాలుగు టిక్కులు

ఫణీంద్ర హోటల్లో రెండు రోజుల శిక్షణ ముగించుకొచ్చిన సోమవారం నాడే దుర్గాభవానికి అర్థమైపోయింది, ఇక ఈ కంపెనీలో మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రోజులు చెల్లిపోయాయని.

నాచారం పారిశ్రామికవాడలో మందుల కంపెనీలకు అట్టపెట్టెలు చేసిచ్చే నవకల్ప కార్టన్స్‌లో ఆమె తొమ్మిదేళ్లుగా ఆఫీసు అసిస్టెంటు. హాజరు పట్టిక, సెలవు చీటీలు, కొరియర్లు, వచ్చినవాళ్లకు టీ చెప్పడం, రానివాళ్లకు ఫోన్ చేయడం, అన్నీ ఆమె బల్ల మీదుగానే పోవాలి. భువనగిరిలో బీకాం చదివింది. తెలివిగలది. ఆ సంగతి ఆమెకు కొంచెం ఎక్కువగానే తెలుసు. ఫణీంద్ర ఏడాది కింద వచ్చిన మేనేజరు. భీమవరం మనిషి, హబ్సిగూడలో ఫ్లాటు, సాయంత్రం దాకా ఇస్త్రీ చెదరని చొక్కా, జేబులో ఎప్పుడూ చిన్న సానిటైజర్ సీసా. మెడలో పేరు రాసిన కార్డు ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఎనభై మంది పనిచేసే చోట ఈయనెవరో తెలియనివాళ్లు ఎవరున్నారని దాన్ని మోస్తున్నాడో ఆమెకు ఎన్నడూ అంతుపట్టలేదు.

శిక్షణ పేరు 'జీరో గ్యాప్'. ఫ్యాక్టరీల్లో జరిగే ప్రతి తప్పుకూ మూలం ఒకటేనట, ఒకరు చెప్పింది ఇంకొకరికి చేరకపోవడం. నోటిమాట గాలికి పోతుందట, రాసిందే నిలుస్తుందట. ఈ ముక్క తెలుసుకోవడానికి ఆయనకు రెండు పగళ్లూ నాలుగు భోజనాలూ పట్టాయి. అందర్నీ క్యాంటీన్లో కూర్చోబెట్టి గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. మొదటి బొమ్మలో ఇద్దరు దొరలు కోట్లు వేసుకుని నవ్వుతూ చేతులు కలుపుకుంటున్నారు. వాళ్ల చేతులకు గమ్ము మరకలు లేవు.

"ఇవాళ్టి నుంచి నోటితో చెప్పడాలు ఉండవండీ," అన్నాడు ఫణీంద్ర. "ఏదున్నా వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. చూసినవాళ్లు పావుగంటలో బొటనవేలు గుర్తు పెట్టాలి. పెట్టకపోతే మెమో వస్తుంది. అంత సింపుల్."

నిజంగానే అంత సులువైపోయింది. ఫోన్ టింగుమనగానే అరవై చేతులు జేబుల్లోకి పోయేవి, అరవై బొటనవేళ్లు లేచేవి, ఫోన్లు మళ్లీ జేబుల్లో పడేవి. ఏం వచ్చిందో చదివిన పాపాన ఎవరూ పోలేదు. మంచినీళ్ల కూలర్ పనిచేయడం లేదని ఎవరో పెడితే బొటనవేళ్లు వచ్చాయి, చల్లని నీళ్లు రాలేదు. గోదాములో పనిచేసే తిరుపతి వాళ్లమ్మ పోయిందని పెడితే అరవై ఒక్క బొటనవేళ్లు పైకి లేచాయి. ఆ మనిషి ఊళ్లో పాడె పక్కన కూర్చుని ఆ ఫోన్ ఎట్లా చూసుకున్నాడో దేవుడికెరుక. పంచింగ్ మిషన్ నడిపే బిక్షపతి, "మిషన్ ఎనక తలుపు స్విచ్చి కరాబైంది, తలుపు తెరిచినా మిషన్ ఆగుతలేదు" అని నాలుగు నెలల కింద పెట్టాడు. దానికి పడిన మొట్టమొదటి బొటనవేలు స్వయానా ఫణీంద్రది. స్విచ్చి మాత్రం అట్లాగే ఉంది.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు పద్నాలుగు మంది తేలారు. పాతవాళ్లు, చదువు రానివాళ్లు, ఫోన్లో పచ్చ బొత్తాం నొక్కితే మాట్లాడొచ్చు, ఎర్ర బొత్తాం నొక్కితే మానొచ్చు అన్నంతవరకే నేర్చినవాళ్లు. వాళ్ల కోసం ఫణీంద్ర ఒక పొడుగాటి రిజిస్టరు తెప్పించాడు. ఎడమ పక్క పద్నాలుగు పేర్లు, పైన నోటీసు నంబరు, 'చదివి వినిపించబడినది' అని శీర్షిక. ప్రతి నోటీసూ దుర్గాభవాని వాళ్లకు చదివి వినిపించాలి, పేరు పేరునా గడిలో టిక్కు పెట్టాలి.

మొదటి మూడు నోటీసులకూ ఆమె కింది హాల్లోకి దిగి వెళ్లింది. మిషన్ల రొదలో గొంతు చించుకుని చదివింది. మొదటిది, చెప్పులు వరసలో విడవాలని. రెండోది, పనిస్థలంలో చిరునవ్వుతో మెలగాలని. మూడోది, పై రెండు నోటీసులూ అందరికీ అందినవని తెలియజేయడమైనదని. మూడోది చదివాక పంచింగ్ చంద్రయ్య ఆమె ముఖంలోకి జాలిగా చూసి, "ఇగ పో బిడ్డా, గొంతు పోతది," అన్నాడు. నాలుగో నోటీసు నుంచి ఆమె మెట్లు దిగలేదు. పైన తన బల్ల దగ్గరే, టీ తాగుతూ, ఒక చేత్తో బిస్కట్టు ముంచుకుంటూ, ఇంకో చేత్తో పై నుంచి కింది దాకా పద్నాలుగు టిక్కులు కొట్టేసేది. అర నిమిషం పని. ఈ చెత్తను మోసుకెళ్లి పనిచేసుకునే మనుషుల నెత్తిన పోయకపోవడం తాను వాళ్లకు చేస్తున్న మేలని కూడా అనుకునేది. ఫణీంద్రను మోసం చేస్తున్నందుకు ఆమెకు లోలోపల కాస్త గర్వంగా ఉండేది.

చంద్రయ్యది జనగామ పక్కన పల్లె. పంచింగ్ మిషన్ మీద ఇరవై ఆరేళ్లు. ఆ మిషన్ ఇరవై అడుగుల పొడుగుంటుంది. ముందు నుంచి అట్టలు లోపలికి పోతాయి, వెనక నుంచి పెట్టె ఆకారంలో తెగి బయటికొస్తాయి. మధ్యలో ఒక ఇనుప దవడ నిమిషానికి యాభైసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. వెనకవైపు తుక్కు ఇరుక్కుంటే మిషన్ ఆపి, తలుపు తెరిచి, చెయ్యి లోపల పెట్టి లాగాలి. ముందు నిలబడ్డవాడికి వెనక ఉన్నవాడు కనపడడు. అరిచినా వినపడదు. అందుకని ఆ హాల్లో ముప్పై ఏళ్లుగా ఒక పద్ధతి ఉంది. చెయ్యి పెట్టడానికి వెనక్కి పోయేవాడు తన చేతిరుమాలు, దస్తీ, తీసి ముందున్న స్టార్టు హ్యాండిల్ మీద వేసి పోతాడు. దస్తీ ఉన్నంతసేపూ ఆ హ్యాండిల్‌ను ఎవడూ ముట్టడు. వేసినవాడే వచ్చి తీసుకోవాలి. వేరేవాడు తీయడానికి లేదు, యజమాని అయినా సరే. ఇది ఎవరూ ఎవరికీ నేర్పలేదు. బస్సు కిటికీలోంచి సీటు మీద పడ్డ దస్తీని ఈ రెండు రాష్ట్రాల్లో ఎవడికైనా వేరే నేర్పాలా? యజమాని గోపాలరావు కూడా ఒకప్పుడు ఒక్క మిషన్‌తో, తానే అట్టలు తోసుకుంటూ మొదలుపెట్టినవాడు. అప్పుడు ఆ హ్యాండిల్ మీద పడింది ఆయన దస్తీయే.

మందుల కంపెనీ నుంచి తనిఖీకి మనిషి వస్తున్నాడని తెలిసిన వారం ఫణీంద్ర హాలంతా తిరిగి, ముక్కు ఎగబీల్చుకుంటూ పైకొచ్చాడు.

"ఏంటండీ ఆ మిషన్ల మీద మురికి గుడ్డలూ? చాకిరేవా అది? నోటీసు పెట్టండి. యాభై ఏడో నంబరు. ఇకమీదట మిషన్ల మీద ఒక్క గుడ్డ కనిపించినా తీసి చెత్తబుట్టలో పారేస్తాం అని."

"సార్, అవి గుర్తు కోసం ఏస్తరు..." అని మొదలుపెట్టింది దుర్గాభవాని.

"నోటితో వద్దండీ." ఆయన అరచెయ్యి అడ్డం పెట్టాడు. "ఏదున్నా గ్రూపులో పెట్టండి, చూస్తాను. మనమే పద్ధతి పాటించకపోతే వాళ్లేం పాటిస్తారు?"

అక్కడ నోరు తెరిచి రెండే రెండు మాటలు గట్టిగా చెప్పి ఉంటే ఈ కథే లేదు. కానీ ఆమె ఒళ్లు మండింది. చెప్పొద్దన్నావుగా, అయితే నీ ఖర్మ, అనుకుంది. ఆ సంగతి గ్రూపులోనూ పెట్టలేదు. నోటీసు తెలుగు మాత్రం శ్రద్ధగా రాసింది. ఫణీంద్ర ఫోన్లోంచి తీసిచ్చిన తెలుగు తెలుగులా లేదు మరి. "మిషన్ల మీద దస్తీలు, తువ్వాళ్లు వేయరాదు. వేసినచో తీసివేయబడును." చదువుకుని తృప్తి పడి గ్రూపులోకి వదిలింది. బొటనవేళ్లు టపటపా లేచాయి. తర్వాత రిజిస్టరు తెరిచి, యాభై ఏడు నంబరు కింద పద్నాలుగు టిక్కులు పెట్టేసి, కప్పు కడుక్కోవడానికి లేచింది.

గురువారం పదకొండు గంటలకు కింద పంచింగ్ మిషన్ చప్పుడు ఆగింది. కాసేపు ఆగి మళ్లీ మొదలైంది. మొదలైన మరుక్షణమే ఆగింది. తర్వాత మిగతా మిషన్లు కూడా ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. తొమ్మిదేళ్లలో ఆ హాలు అంత నిశ్శబ్దంగా ఉండటం దుర్గాభవాని ఎన్నడూ వినలేదు. పెన్ను కింద పడేసి మెట్లు దిగింది.

జరిగింది చాలా చిన్నది. తుక్కు ఇరుక్కుంది. చంద్రయ్య దస్తీ వేసి వెనక్కి పోయాడు. బిక్షపతి మంచినీళ్లకు పోయాడు. ఆ సందులో ఫణీంద్ర తనిఖీ మనిషిని వెంటబెట్టుకుని అటుగా వచ్చాడు. హ్యాండిల్ మీద ఎర్రగళ్ల దస్తీని చూశాడు, రెండు వేళ్లతో ఎత్తి చెత్తబుట్టలో వేశాడు. జేబులోంచి సీసా తీసి చేతులకు సానిటైజర్ రాసుకుంటూ ముందుకు పోయాడు. బిక్షపతి తిరిగొచ్చి చూస్తే హ్యాండిల్ మీద దస్తీ లేదు. దస్తీ లేదంటే చంద్రయ్య పని అయిపోయిందని. హ్యాండిల్ లాగాడు. వెనక తలుపు తెరిచే ఉంది, కానీ తలుపు స్విచ్చికి అరవై బొటనవేళ్లు తప్ప ఏ మరమ్మతూ జరగలేదు గదా.

చంద్రయ్య ఎడమచేతి వేళ్లు రెండు, చూపుడువేలూ మధ్యవేలూ, కణుపుల దాకా పోయాయి. ఈఎస్ఐ దవాఖానాకు తీసుకుపోతుంటే ఆయన ఏడవలేదు. బిక్షపతి ఏడ్చాడు. "నేను సూసిన మేడం, దస్తీ లేదు. అమ్మతోడు, లేకుండె. సూసినంకనే గుంజిన," అని కనపడ్డవాళ్లందరి చేతులూ పట్టుకుని చెప్పాడు. సారు చేతులు రుద్దుకుంటూ పోతుంటే తాను చూశానని కూడా చెప్పాడు. దుర్గాభవాని చెత్తబుట్టలోకి తొంగి చూసింది. దస్తీ అక్కడే ఉంది, మడత కూడా విప్పుకోలేదు.

శనివారం మధ్యాహ్నం ఫణీంద్ర ఆమెను తన గదిలోకి పిలిచాడు. ల్యాప్‌టాప్‌లో ప్రమాద నివేదిక సిద్ధంగా ఉంది. అందులో చెయ్యి లేదు, వేళ్లు లేవు, నెత్తురు లేదు. 'సమాచార లోపం' అన్న మాట మాత్రం ఏడుసార్లు ఉంది. నిషేధించిన వస్త్రాన్ని సంకేతంగా వాడినందువల్ల సమాచార లోపం ఏర్పడిందట. నిషేధం గురించి తెలిసి కూడా ఉల్లంఘించినందున సదరు కార్మికుడిని పని నుంచి తొలగించవలసిందిగా సిఫారసు అట. సోమవారం గోపాలరావు ముందు చంద్రయ్య చేత ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టించాలట. దాన్ని తెలుగులో ఆమె రాయాలట.

"సార్, దస్తీ తీసింది..."

"నేనే తీశాను. రూలు ప్రకారమే తీశాను కదండీ. తీసి పారేస్తామని నోటీసులో లేదా? ఆయనకి చదివి వినిపించాం కూడా." ఫణీంద్ర రిజిస్టరును ముందుకు లాక్కుని, చంద్రయ్య పేరుకూ యాభై ఏడో గడికీ వేలు కలిపి చూపించాడు. అక్కడ నీలం సిరాతో ఒక టిక్కు ఉంది. "ఇదిగో. ఇదే లేకపోతే నేనేమైపోయేవాణ్ణి చెప్పండి? నిజం చెప్తున్నా, ఈ కంపెనీలో పద్ధతిగా పనిచేసేది మీరొక్కరేనండీ."

ఏడాదిలో ఆయన ఆమెను మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ మెచ్చుకోలు ముఖాన పేడ కొట్టినట్టు తగిలింది. ఏ మనిషిని చూస్తే ఆమెకు అసహ్యమో, సరిగ్గా ఆ మనిషికి తన చేతిరాత రక్షణగా నిలిచింది. "సరే సార్," అని బయటికొచ్చింది.

ఆదివారమంతా ఆమె లెక్కలేనన్ని సాకులు వెతుక్కుంది. చదివినా చంద్రయ్య మామ దస్తీ మానేవాడా? మానడు. ఇరవై ఆరేళ్ల అలవాటు. తాను నిజం చెప్తే వేళ్లు మొలుస్తాయా? మొలవవు. పోయేది తన ఉద్యోగం. చెంగిచెర్లలో ఇంటి పక్కవాళ్లకు కూడా ఆమె తొమ్మిదేళ్లుగా 'ఆఫీసు మేడం'. ఇట్లా ఒక్కొక్క సాకూ తెచ్చుకుని, ఏదీ చాలక పడుకుంది.

సోమవారం పొద్దున ఉప్పల్‌లో బస్సు మారుతుంటే జనం కిక్కిరిసి ఉన్నారు. ఆడవాళ్లకు డబ్బుల్లేకుండా ఇచ్చే జీరో టికెట్ తీసుకుని లోపలికి తోసుకుపోయింది. ఆడవాళ్ల సీట్లలో ఒకటి ఖాళీగా ఉంది. దాని మీద ఎవరిదో చిన్న పసుప్పచ్చ దస్తీ. ఆ దస్తీ చుట్టూ పదిమంది నిలబడి ఉన్నారు. ఒక బాలింత, మోకాళ్లు పట్టుకున్న ముసలమ్మ, టిఫిన్ డబ్బాలతో నలుగురు. అందరూ దానివంక చూస్తున్నారు. ఎవరూ కూర్చోలేదు, ఎవరూ దాన్ని తీయలేదు. వెనక తలుపు నుంచి ఒక ఆడమనిషి సంచులతో తోసుకుంటూ వచ్చి, దస్తీ తీసి, బాలింతను కూర్చోబెట్టి తాను నిలబడింది. ఇంతమందికీ తెలిసిన సంగతి ఒక్క మేనేజరుకు తెలియదా? తెలుసు. తెలియనట్టు ఉండటానికి ఆయనకు ఒక రూలు దొరికింది. ఆ రూలు పనివాళ్ల చెవిన పడిందని ముద్ర వేసినది తాను.

గోపాలరావు గదిలో ఆయనా, ఫణీంద్రా, బిక్షపతీ, చంద్రయ్యా ఉన్నారు. చంద్రయ్య చేతికి మణికట్టు దాకా తెల్లటి కట్టు. ఆ కట్టులోంచి బయటికి కనపడుతున్నది బొటనవేలొక్కటే, నిటారుగా. గ్రూపులో ఎన్నడూ లేని మనిషి చేత కూడా కంపెనీ చివరికి బొటనవేలు ఎత్తించింది. కుర్చీలు ఖాళీగా ఉన్నా ఎవరూ ఆయన్ను కూర్చోమనలేదు.

ఫణీంద్ర నివేదిక చదివాడు. రిజిస్టరు తెరిచి గోపాలరావు ముందు పెట్టాడు. గోపాలరావు కళ్లద్దాలు సవరించుకుని టిక్కును చూశాడు.

"ఏం చంద్రయ్యా? గుడ్డలు వెయ్యొద్దని నీకు చదివి వినిపించారా లేదా?"

చంద్రయ్య రిజిస్టరు వైపు చూశాడు, దుర్గాభవాని వైపు చూశాడు.

"నాకైతే యాదికి లేదు సార్. కని భవానమ్మ రాసిందంటే సదివే ఉంటది. ఆ బిడ్డ అబద్ధం రాయది. నేనే మరిసిన కావచ్చు."

అని కుడిచెయ్యి చాపాడు, సంతకానికి పెన్ను ఇమ్మని.

దుర్గాభవాని చేతిలోని ఒప్పుదల కాగితం ఆయన చేతికి పోలేదు. ఆదివారమంతా పోగేసుకున్న సాకులన్నీ ఆ ఒక్క మాటకు ఎగిరిపోయాయి. తన చేతిరాతను నమ్మి తన జ్ఞాపకాన్నే కాదనుకుంటున్న మనిషి ముందు నిలబడటం కంటే ఉద్యోగం పోవడమే నయమనిపించింది.

"మరిసిపోలే మామా. నేను సదవలే," అంది. గోపాలరావు వైపు తిరిగింది. "ఈ టిక్కులు నేనే కొట్టిన సార్. పైన కూసొని, టీ తాగుకుంట కొట్టిన. నాలుగో నోటీసు కాన్నుంచి ఎవ్వలికి ఒక్కటి గూడ సదివి చెప్పలే. ఈ యాభై ఏడోది వీళ్లల్ల ఒక్కలకు గూడ ఎరుకలేదు."

ముందుగా తేరుకున్నది ఫణీంద్ర. ముఖంలో ఆశ్చర్యం కూడా సరిగా రాకముందే ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు.

"అయితే ఇది దుర్గాభవాని గారి వైపు నుంచి సమాచార లోపం సార్," అన్నాడు. చంద్రయ్య పేరు కొట్టేసి ఆమె పేరు వేశాడు. మిగతా నివేదికలో ఒక్క అక్షరం కూడా మార్చాల్సిన అవసరం రాలేదు. ఎవరి పేరు పెట్టినా అతికేలా రాయడం కూడా ఒక విద్యే మరి.

"నా పేరు రాస్కోండి. నాదే తప్పు," అంది దుర్గాభవాని. "కని దస్తీ సంగతి మీకు ఎరికే గదా పెద్దసార్? ఆ హ్యాండిల్ మీద మీ దస్తీ ఉండంగ ఒక్కనాడన్న ఎవ్వలన్న తీసిన్రా?"

గోపాలరావుకు ఎరికే. ఆయన ముఖమే చెప్పింది. కిటికీ వైపు తిరిగాడు. ఆయన పది వేళ్లూ బల్ల అంచు మీద వరుసగా ఉన్నాయి, ఒక్కటి తక్కువ కాకుండా. కాసేపు వాటితో బల్లను మీటాడు.

"సరే, చంద్రయ్యని తీసేయక్కర్లేదు. చెయ్యి బాగయ్యాక స్టోర్లో కూర్చోబెట్టండి. ఈ అమ్మాయికి మెమో ఇవ్వండి. ఫణీంద్రా, నువ్వు గుడ్డల విషయం ఒక కొత్త నోటీసు రాయి. ఇంకెప్పుడూ ఇట్లాంటి సమాచార లోపం రాకూడదు."

అంతే. ఒకప్పుడు తన పది వేళ్లూ కాచిన దస్తీ గురించి ఆ పెద్దమనిషి నోట ఒక్క మాట రాలేదు. తొందరగా భోజనానికి లేచాడు.

గేటు దగ్గర చంద్రయ్యకు ఆటో మాట్లాడి నిలబెట్టింది దుర్గాభవాని. ఆయన ఏదో అంటాడని ఎదురుచూసింది. మెచ్చుకోలు కోరుకోలేదు గానీ, నిజం చెప్పినందుకు ఒక మంచి మాట వస్తుందని ఎక్కడో ఆశ ఉండనే ఉంది. చంద్రయ్య ఆటోలో సర్దుకుని, కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఆమెను చూశాడు. కోపం లేదు.

"ఆ దినమే సదివి జెప్తే అయిపోతుండె గద బిడ్డా," అన్నాడు. "దస్తీ తీస్తమంటే మేం ఊకుంటుంటిమా? పద్నాలుగు మందిమి మిషన్లు బంద్ వెట్టి పైకొస్తుంటిమి. దస్తీ లేకుంటే చెయ్యెట్ల వెడ్తం సారూ అని అడుగుతుంటిమి. లొల్లి అవుతుండె, అంతే. నాలుగు తిట్లు తింటుంటిమి. ఏళ్లు ఉంటుండె."

ఆటో కదిలిపోయింది. ఆమె గేటు దగ్గరే నిలబడిపోయింది. ఆ కాగితం చెత్త అని ఆమె తేల్చేసింది. తేల్చాల్సింది వాళ్లేనని ఒక్కసారీ తోచలేదు. ఫణీంద్ర వాళ్లకు వినే బుద్ధి లేదనుకున్నాడు, ఆమె వాళ్లకు వినే అవసరం లేదనుకుంది. ఆ ఇద్దరికీ మధ్య తేడా ఎంతో కొలవబోయి, సిగ్గుతో తల దించుకుంది.

బుధవారం పొద్దున యాభై ఎనిమిదో నోటీసు వచ్చింది. దస్తీల స్థానంలో కంపెనీ వారు ఇచ్చే ఎర్ర ట్యాగులు మాత్రమే వాడవలెను, ట్యాగు కావలసినవారు ఆఫీసులో ఫారం నింపి తీసుకొనవలెను, ట్యాగులు వచ్చే నెల రాగలవు. అరవై బొటనవేళ్లు లేచాయి. దుర్గాభవాని టీ తాగలేదు. నోటీసూ రిజిస్టరూ చంకలో పెట్టుకుని మెట్లు దిగింది.

పంచింగ్ మిషన్ దగ్గర బిక్షపతి, వెనక చంద్రయ్య జాగాలో ఇంకో పాత మనిషి. రొదకు ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. చెయ్యి ఊపి ఆపమంది. బిక్షపతి హ్యాండిల్ కిందికి దించి, ఏంటన్నట్టు చూశాడు. ఆమె తన బ్యాగులోంచి దస్తీ తీసింది. మూలన ఊదారంగు పువ్వు కుట్టిన చిన్న దస్తీ. దాన్ని హ్యాండిల్ మీద వేసింది. బిక్షపతి రెండు చేతులూ తీసేసుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. అది చూసి పక్క మిషన్ ఆగింది, దాని పక్కది ఆగింది. చంద్రయ్య తప్ప పదమూడు మందీ చుట్టూ చేరారు.

ఆమె చదివింది. మెల్లగా, మాట మాటా విడదీసి చదివింది.

"మల్లొకపారి సదువు మేడం," అన్నాడు బిక్షపతి. ఆమె మళ్లీ చదివింది.

"ట్యాగులు వచ్చే నెల వస్తయా? అప్పటిదాంక?"

ఆమె కాగితం తిరగేసి కూడా చూసింది. అప్పటిదాకా ఏంటన్నది అందులో లేదు. "రాయలే," అంది.

"ఎనక తలుపు స్విచ్చి సంగతి?"

"అదీ రాయలే."

"అయితే మాకు జెల్లదు," అన్నాడు బిక్షపతి. "నాకు గూడ జెల్లదు," అంది వెనక నుంచి గమ్ము సెక్షన్ రాములమ్మ. తర్వాత ఎవరేమన్నారో విడిగా వినపడలేదు, అందరూ ఒక్కసారే మాట్లాడారు. పెద్ద లొల్లి. దుర్గాభవాని రిజిస్టరు తెరిచి మిషన్ మీద పెట్టుకుంది. టిక్కు పట్టేంత చిన్న గడిలో, ఒక్కొక్కరి ముఖం చూసి, ఒక్కొక్కరి చేత చెప్పించుకుని, 'విన్నారు, ఒప్పుకోలేదు' అని ఇరికించి రాసింది, పదమూడు సార్లు. చంద్రయ్య గడి ఖాళీగా వదిలింది. సాయంత్రం ఇంటికి పోయి చదివి వినిపించాకే అది నిండాలి.

రిజిస్టరు మూసి పైకి బయలుదేరింది. దస్తీ మాత్రం తీసుకోలేదు. బిక్షపతి దానివైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, నిమ్మళంగా అట్టల కట్ట మీద కూర్చున్నాడు. వేసినవాళ్లే వచ్చి తీయాలి గదా.

ఆమె సగం మెట్లు ఎక్కేసరికి పై గది తలుపు ధడాలున తెరుచుకుంది. ఫణీంద్ర రెయిలింగు మీదుగా వంగి, చొక్కా నలిగేది కూడా చూసుకోకుండా కిందికి అరుస్తున్నాడు.

"ఎందుకాగిందీ మిషనూ? ఎవరైనా చెప్పండయ్యా, ఎందుకాగింది?"

నోటితోనే అడిగాడు.